ల్యాండింగ్ అప్రోచ్‌లో పైలట్ పనిభారం, ఆటోమేషన్: తరచుగా అడిగే ప్రశ్నలు

బెంగళూరులో ఏవియానిక్స్, సిమ్యులేటర్, ఫ్లైట్ సాఫ్ట్‌వేర్ పనుల్లో ఉన్న తెలుగువాళ్ళు, పైలట్ శిక్షణలో ఉన్న పిల్లలు, వాళ్ళ ఇంట్లోవాళ్ళు పదే పదే అడిగే ప్రశ్నలివి. అంకెలు ఎక్కువగా ఎయిర్‌బస్ ఏ320 రకానివి. మీ కంపెనీ మాన్యువల్‌లో వేరే అంకె ఉంటే దాన్నే పాటించండి.

ఆటోపైలటే దించేస్తుందట కదా, ఇక పైలట్‌కి పనేముంది?

చాలా ల్యాండింగ్‌లు చేత్తో చేసేవే. విమానం దానంతటదే నేల తాకే ఆటోల్యాండ్ ముఖ్యంగా పొగమంచు కోసం. మామూలు రోజున వెయ్యి అడుగులు, ఐదొందల అడుగుల మధ్య ఎక్కడో ఆటోపైలట్ తీసేసి చేత్తో దించుతారు.

అప్పటిదాకా ఆటోపైలట్ చేసేది రెండు పనులు: పైలట్ చెప్పిన దారిలో విమానాన్ని ఉంచడం, ఇంజన్ల బలాన్ని సర్దే ఆటోథ్రస్ట్‌తో కలిసి చెప్పిన వేగాన్ని నిలబెట్టడం. ఏ దారి, ఏ ఎత్తు, ఏ వేగం, ఎప్పుడు అన్నది మనిషే చెప్పాలి. ఫ్లాప్స్ (తక్కువ వేగంలో విమానాన్ని నిలబెట్టే రెక్కల పలకలు) అది వెయ్యదు. చక్రాలు దించదు. కంట్రోలర్‌కి జవాబు చెప్పదు. ఎదురుగా ఉన్న ఉరుముల మబ్బుని తప్పించుకోదు. ముందు దిగిన విమానం రన్‌వే ఖాళీ చేసిందో లేదో చూడదు. చేతులకు పని తగ్గిన మాట నిజమే కానీ ఆ పనంతా కళ్ళ మీదికీ, జ్ఞాపకం మీదికీ వచ్చి పడింది. యంత్రం ఇప్పుడు ఏ మోడ్‌లో ఉంది, తర్వాత ఏం చెయ్యబోతోంది అన్నది ఇద్దరు పైలట్లకీ ప్రతి క్షణం తెలిసి ఉండాలి. కింది జవాబుల్లో చాలావరకు ఆ ఎరుక ఎక్కడ జారిపోతుందో, ఎందుకు జారిపోతుందో చెప్పేవే.

మూడు డిగ్రీల వాలు అంటే లెక్కలో ఎంత?

రన్‌వే వైపు విమానాలు మామూలుగా దిగే వాలు ఇది: నాటికల్ మైలుకి (1.85 కిలోమీటర్లు, ఇక్కడ మైలంటే ఇదే) దాదాపు 318 అడుగులు. నోటిలెక్కకి 300 అనుకుంటారు. రన్‌వేకి 10 మైళ్ళ దూరంలో నేలనుంచి 3,000 అడుగులు, 30 మైళ్ళ దూరంలో 9,000. నిమిషానికి ఎన్ని అడుగులు దిగాలో కావాలంటే గ్రౌండ్ స్పీడ్‌ని (నేలమీద లెక్కిస్తే వచ్చే వేగం, నాట్లలో అంటే గంటకి నాటికల్ మైళ్ళలో) 5తో హెచ్చవేయండి. 140 నాట్లకు 700 అడుగులు.

బెంగళూరులో ఈ లెక్కకి 3,000 కలపాలి. కెంపేగౌడ విమానాశ్రయం సముద్రమట్టానికి సుమారు 3,000 అడుగుల ఎత్తున ఉంది. చక్రాలు నేలమీద ఉండగానే ఆల్టీమీటర్ 3,000 చూపిస్తుంది. కాబట్టి 10 మైళ్ళ దగ్గర 6,000, 30 మైళ్ళ దగ్గర 12,000 కనిపించాలి. చెన్నైలో కలపాల్సింది ఏమీ లేనట్టే. రోజంతా తీరం ఊళ్ళలో దిగి సాయంత్రం బెంగళూరు వచ్చిన పైలట్ అలసటలో ఈ కూడిక వదిలేస్తే, 6,000 చూసి "పైన ఉండిపోయాం" అనుకుని విమానాన్ని కిందికి తోసే ప్రమాదం ఉంది. బ్రీఫింగ్‌లో విమానాశ్రయం ఎత్తుని నోటితో పైకి చదవమనేది ఇందుకే.

ఒకే విమానం, ఒకే బరువు. బెంగళూరులో దిగడానికీ చెన్నైలో దిగడానికీ తేడా ఉంటుందా?

ఉంటుంది. మీటర్‌లో కనిపించే వేగం ఒకటే, నేలమీద పరిగెత్తే వేగం వేరు. రెండు ఊళ్ళలోనూ 33 డిగ్రీల ఎండ, గాలి లేదు అనుకోండి. మీటర్‌లో 135 నాట్లు ఉంటే చెన్నైలో గ్రౌండ్ స్పీడ్ 140కి కాస్త అటూ ఇటూ, బెంగళూరులో 147 దాకా. ఎత్తూ ఎండా కలిసి గాలిని పలచన చేస్తాయి. ఆ వేడిలో బెంగళూరు నేలమీది గాలి, ప్రామాణిక వాతావరణంలో 6,000 అడుగుల ఎత్తున ఉండే గాలితో దాదాపు సమానం.

7 నాట్ల తేడాయే కదా అనిపిస్తుంది. చలనశక్తి వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి వదిలించుకోవాల్సిన శక్తి దాదాపు 11 శాతం ఎక్కువ. బెంగళూరు రన్‌వేలు రెండూ 4,000 మీటర్ల పొడవువి, నేలమీద ఆపడానికి ఇబ్బంది రాదు. ఇబ్బందంతా గాలిలో వేగం తగ్గించుకునే దగ్గర. చెన్నైలో సరిపోయిన దూరం ఇక్కడ సరిపోదు, ఫ్లాప్స్ ఒకటి రెండు మైళ్ళు ముందే మొదలుపెట్టాలి.

అప్రోచ్‌లో పని ఎక్కువగా మీదపడేది ఎప్పుడు?

నేల తాకే క్షణంలో అనుకుంటారు. నిజానికి రన్‌వేకి 15 మైళ్ళ నుంచి 4 మైళ్ళ దాకా ఉన్న ఆ నాలుగైదు నిమిషాల్లో. అప్రోచ్ కంట్రోలర్ హెడింగ్, ఎత్తు, వేగం మార్చి మార్చి ఇస్తాడు. రన్‌వే మధ్యగీత చూపే రేడియో కిరణం లోకలైజర్‌ని పట్టుకోవాలి, తర్వాత దిగే వాలు చూపే కిరణం గ్లైడ్ స్లోప్‌ని (రెండూ కలిపితే ఐఎల్ఎస్). టవర్ ఫ్రీక్వెన్సీకి మారాలి. ఫ్లాప్స్ నాలుగు అంచెలు, మధ్యలో చక్రాలు, చివర ల్యాండింగ్ చెక్‌లిస్ట్. ఏ320లో ఫ్లాప్ 1కి గరిష్ఠం 230 నాట్లు, 2కి 200, 3కి 185, ఫుల్‌కి 177. ఈ హద్దు దాటి వేస్తే ఫ్లాప్ ఓవర్‌స్పీడ్, ఆ రాత్రి ఇంజనీర్లకు తనిఖీ పని.

మూడు డిగ్రీల వాలులో దిగుతూ వేగం కూడా తగ్గించడం అంటే నంది కొండ ఘాట్ దిగుతూ బ్రేక్ తొక్కకుండా కారు నెమ్మదింపజేసినట్టే. ఏ320లాంటి నున్నని విమానం ఫ్లాప్ 1తో వాలులో పెద్దగా తగ్గదు. చక్రాలు కిందికి దించితేనే గాలి బాగా అడ్డుతగులుతుంది. వేగం వదలనప్పుడు చక్రాలు ముందుగా దించడం చేతకానితనం కాదు, సరైన పని.

ఇక్కడ ఒక లెక్క దగ్గరగా చూడాలి. రద్దీ వేళల్లో "4 మైళ్ళ దాకా 160 నాట్లు" అని కంట్రోలర్ అడగడం మామూలే. 4 మైళ్ళ దగ్గర విమానం నేలనుంచి సుమారు 1,320 అడుగుల ఎత్తులో ఉంటుంది. వెయ్యి అడుగులకల్లా వేగం 135కి వచ్చి స్థిరపడాలి. మిగిలింది ఒక మైలు, 24 సెకన్లు. ఆ 24 సెకన్లలో 25 నాట్లు తగ్గాలి, ఫ్లాప్స్ 3, ఫుల్ పడాలి, చెక్‌లిస్ట్ పూర్తవ్వాలి, ఇంజన్లు ఐడిల్ (కనిష్ఠ బలం) నుంచి మళ్ళీ పైకి రావాలి. వెనకగాలి 5 నాట్లు ఉందంటే ఇది కుదరదు. "5 మైళ్ళ దాకా అయితే ఉంచగలం" అని ముందే చెప్పేయాలి. అలా చెబితే కంట్రోలర్లు ఒప్పుకుంటారు, వెనకున్న విమానాన్ని సర్దుకుంటారు. మొహమాటపడి ఒప్పుకున్న 160 నాట్లు అస్థిరమైన అప్రోచ్‌లకు ఒక ముఖ్య కారణం.

ఆటోథ్రస్ట్ వేగం చూసుకుంటుంటే వేగం పడిపోయి కూలిన ప్రమాదాలు ఎలా జరిగాయి?

ఆటోథ్రస్ట్ అన్ని మోడ్‌లలోనూ వేగాన్ని కాపాడదు. ఈ ఒక్క వాక్యం అర్థం కాకపోవడానికి బెంగళూరే పెద్ద మూల్యం చెల్లించింది.

1990 ఫిబ్రవరి 14న బొంబాయి నుంచి వచ్చిన ఇండియన్ ఎయిర్‌లైన్స్ 605 నంబరు ఏ320 పాత హెచ్ఏఎల్ విమానాశ్రయం రన్‌వేకి ముందే గోల్ఫ్ మైదానంలో నేలను తాకి కూలింది. 146 మందిలో 92 మంది చనిపోయారు. పగటిపూట, రన్‌వే కళ్ళకు కనిపిస్తూనే ఉంది. విమానం ఓపెన్ డిసెంట్ మోడ్‌లో ఉంది. ఆ మోడ్‌లో ఆటోథ్రస్ట్ ఇంజన్లను ఐడిల్‌లో పెట్టి వదిలేస్తుంది, వేగాన్ని ముక్కు ఎత్తుతూ దించుతూ నిలబెట్టాలి. పైలట్ వాలు సరిచెయ్యడానికి ముక్కు పైకెత్తాడు. ఇంజన్లు ఐడిల్‌లోనే ఉన్నాయి. వేగం ఉండాల్సిన 132 నాట్లకంటే బాగా కిందికి జారింది. విమానాన్ని ఎటు నడపాలో పైలట్‌కి తెరమీద చూపే ఫ్లైట్ డైరెక్టర్లు రెండూ ఆపితే ఆటోథ్రస్ట్ వేగం మోడ్‌కి తిరిగి వచ్చేది, కానీ ఒకరిది ఆగింది, ఇంకొకరిది ఆన్‌లోనే ఉండిపోయింది. వర్టికల్ స్పీడ్ నాబ్‌లో 700 పెట్టబోయి ఎత్తు నాబ్‌లో పెట్టి ఉండవచ్చన్నది అప్పట్లో వచ్చిన ఒక అంచనా. నాలుగొందలు, మూడొందలు, రెండొందలు అని యంత్రం ఎత్తు చదువుతున్నా థ్రాటిల్ సమయానికి ముందుకు పడలేదు. పడినా, ఐడిల్‌లో ఉన్న జెట్ ఇంజన్ పూర్తి బలానికి రావడానికి సెకన్లు పడుతుంది. అనుమతి నియమాలే 8 సెకన్ల దాకా లెక్కలోకి తీసుకుంటాయి.

23 ఏళ్ళ తర్వాత, 2013 జులై 6న శాన్ ఫ్రాన్సిస్కోలో బోయింగ్ 777కి దాదాపు ఇదే జరిగింది. ఎఫ్ఎల్‌సీహెచ్ అనే ఎత్తు మార్చే మోడ్‌లో థ్రాటిల్‌ని చేత్తో వెనక్కి లాగడంతో ఆటోథ్రాటిల్ హోల్డ్‌లోకి వెళ్ళి నిద్రపోయినట్టయింది. 137 ఉండాల్సిన వేగం 103కి పడింది. ముగ్గురు చనిపోయారు. ఆ రోజు ఆ రన్‌వే గ్లైడ్ స్లోప్ పనిచెయ్యడం లేదు.

2009 ఫిబ్రవరి 25న ఆమ్‌స్టర్‌డామ్‌లో మూలం వేరు. బోయింగ్ 737 ఎడమవైపు రేడియో ఆల్టీమీటర్ (రేడియో తరంగాలతో నేలనుంచి ఎత్తు కొలిచేది) చెడిపోయి మైనస్ 8 అడుగులు చూపించింది. నేల తాకబోతున్నాం అనుకుని ఆటోథ్రాటిల్ ఇంజన్లను వెనక్కి తీసింది. వాళ్ళు గ్లైడ్ స్లోప్‌ని పైనుంచి అందుకుంటున్నారు, కాబట్టి ఇంజన్లు ఐడిల్‌లో ఉండటం ఎవరికీ తప్పుగా తోచలేదు. తొమ్మిది మంది చనిపోయారు. వాలుకి పైన ఉండి దిగేటప్పుడు మంచి యంత్రం, చెడిన యంత్రం రెండూ ఒకేలా కనిపిస్తాయి. ఈ పేజీలో ఒక్క విషయమే గుర్తుపెట్టుకుంటే ఇది పెట్టుకోండి.

ఎఫ్ఎంఏ చదవడం అంటే ఏమిటి? రోజూ చూసేదాన్ని ఎందుకు నోటితో చెప్పాలి?

ఫ్లైట్ మోడ్ అనన్సియేటర్ అంటే ప్రధాన తెర పైభాగంలో ఉండే చిన్న పట్టీ. ఏ320లో ఐదు గళ్ళు: థ్రస్ట్, నిలువు మోడ్, అడ్డం మోడ్, అప్రోచ్ సామర్థ్యం, ఏయే ఆటోపైలట్లు పనిలో ఉన్నాయి అన్నది. కొత్త మోడ్ రాగానే దాని చుట్టూ తెల్లగీత 10 సెకన్లు నిలుస్తుంది. ఆ 10 సెకన్లలో రేడియోలో మాట్లాడుతుంటే గీత పోయాక ఎవరూ గమనించరు.

మీట నొక్కాం కాబట్టి మోడ్ వచ్చేసిందని నమ్మడం మనిషి స్వభావం. మీట మీద వెలిగే దీపం మీ కోరిక చెబుతుంది, ఎఫ్ఎంఏ యంత్రం ఒప్పుకున్నది చెబుతుంది. అందుకే నడిపే పైలట్ మార్పుని పైకి చదవాలి, రెండో పైలట్ చూసి "చెక్డ్" అనాలి. చూడకుండా అలవాటుగా "చెక్డ్" అంటే రెండో జత కళ్ళు లేనట్టే. అప్రోచ్‌లో తప్పక ఆగి చూడాల్సిన చోట్లు: లోకలైజర్ పట్టుకున్నప్పుడు, గ్లైడ్ స్లోప్ పట్టుకున్నప్పుడు, థ్రస్ట్ గడిలో స్పీడ్ అని ఉందా లేక ఐడిల్ అని ఉందా అన్నది వెయ్యి అడుగుల దగ్గర. ఆటోల్యాండ్ అయితే 350 అడుగులకల్లా ల్యాండ్ అని ఆకుపచ్చగా రావాలి.

చివర్లో రన్‌వే మారిస్తే ఏం చెయ్యాలి?

చెన్నైలో మధ్యాహ్నం సముద్రపు గాలి లోపలికి రాగానే గాలి దిక్కు తిరిగి, 25 వైపు (పడమరకి ముఖంగా) దిగుతున్నవాళ్ళని 07కి (తూర్పుకి ముఖంగా) మార్చే సందర్భం వస్తుంది. బెంగళూరులో చలికాలపు తూర్పుగాలికి 09 వైపు, వానాకాలపు పడమటిగాలికి 27 వైపు ఎక్కువగా వాడతారు, వేసవి చివర సాయంత్రం ఉరుముల వానకి అటూ ఇటూ మారుతుంది.

మార్పు వినగానే చేతులు కంప్యూటర్ మీదికి వెళ్తాయి. అక్కడే ఇద్దరి తలలూ కిందికి వంగుతాయి. వరస ఇలా ఉంటే మేలు: ముందు ఒకరు విమానం నడపడం మీదే ఉండాలి, "ఐ హావ్ కంట్రోల్" అని స్పష్టంగా చెప్పుకుని. హెడింగ్, వేగం మోడ్‌లు పెట్టి విమానాన్ని నిలకడగా ఉంచాలి. రెండోవారు కొత్త అప్రోచ్ ఎక్కించి, కంప్యూటర్‌లోని దారి మధ్యలో తెగిన చోటు కలిపి, ఐఎల్ఎస్ ఫ్రీక్వెన్సీ, దాని మోర్స్ గుర్తు, ఇన్‌బౌండ్ కోర్సు సరిచూడాలి. తర్వాత డెసిషన్ ఎత్తు (దిగాలా వద్దా తేల్చుకోవాల్సిన ఎత్తు), మిస్డ్ అప్రోచ్ ఎత్తు (దిగకుండా పైకి పోతే ఎక్కాల్సిన ఎత్తు). చివరగా బ్రేక్ సెట్టింగ్, బయటికి వెళ్ళే ట్యాక్సీవే. ఇదంతా 15 మైళ్ళ లోపల తెమలదు అనిపిస్తే ఇంకో పది మైళ్ళ వెక్టర్ (కంట్రోలర్ చెప్పే చుట్టుదారి) అడగాలి. పది మైళ్ళ అదనపు దూరానికి మూడు నాలుగు నిమిషాలు, కొంత ఇంధనం. అంతకంటే ఖర్చేమీ లేదు.

గ్లైడ్ స్లోప్‌కి పైన ఉండిపోతే?

ఏ320 పద్ధతి క్లుప్తంగా: లోకలైజర్ పట్టి ఉండాలి, అప్రోచ్ మోడ్ ఆర్మ్ అయి (పట్టుకోవడానికి సిద్ధంగా) ఉండాలి. ఎత్తు కిటికీలో (ఆటోపైలట్‌కి చేరాల్సిన ఎత్తు పెట్టే గడి) ప్రస్తుత ఎత్తుకంటే పైన ఉన్న అంకె పెట్టాలి, లేకపోతే విమానం దారిలో ఆ ఎత్తుని పట్టుకుని సమతలంగా సాగిపోతుంది. వర్టికల్ స్పీడ్ నిమిషానికి 1,500 అడుగుల చొప్పున కిందికి పెట్టాలి. చక్రాలు, ఫ్లాప్ 2 ముందే. వేగం ఫ్లాప్ హద్దుకి చేరుతుంటే దిగే రేటు తగ్గించాలి.

అసలు వాలుకి బాగా పైన, 9 డిగ్రీల దగ్గర, అబద్ధపు గ్లైడ్ స్లోప్ ఒకటి ఉంటుంది. సూది మధ్యకి వచ్చిందని సంతోషపడేముందు దూరాన్ని 300తో హెచ్చవేసి ఎత్తు సరిపోయిందో చూడండి. సరిపోలేదంటే అది ఆ వాలు కాదు.

చలికాలంలో తెల్లవారుజామున కొన్ని విమానాలు బెంగళూరులో దిగుతాయి, కొన్నింటిని చెన్నైకి మళ్ళిస్తారు. ఎందుకలా?

పొగమంచులో దిగాలంటే మూడూ కుదరాలి: రన్‌వేకి సౌకర్యం, విమానానికి సామర్థ్యం, ఇద్దరు పైలట్లకీ గడువు దాటని శిక్షణ. ఒకటి తగ్గినా తక్కువ మెట్టుకే దిగాలి.

ఆ మెట్లని క్యాట్ (కేటగిరీ) అంటారు. క్యాట్ 1కి నేలనుంచి 200 అడుగుల దగ్గర రన్‌వే దీపాలు కనిపించాలి, రన్‌వే విజువల్ రేంజ్ (రన్‌వే మీద చూపు ఆనే దూరం) 550 మీటర్లు ఉండాలి. క్యాట్ 2కి 100 అడుగులు, 300 మీటర్లు. క్యాట్ 3ఏకి 175 మీటర్లు, 3బీకి 50 మీటర్ల దాకా. బెంగళూరు దక్షిణ రన్‌వేకి 3బీ సౌకర్యం ఉంది. కానీ ఏటీఆర్ రకం చిన్న ప్రొపెల్లర్ విమానాల్లో ఆటోల్యాండే లేదు, కాబట్టి విజయవాడ నుంచి ఏటీఆర్‌లో వచ్చినవాళ్ళు పైన తిరుగుతూ ఉండగా పక్కనే ఏ320 దిగిపోవచ్చు. విజువల్ రేంజ్‌ని రన్‌వే పక్కన ట్రాన్స్‌మిసోమీటర్ కొలుస్తుంది. మన దేశంలో వాడే "దృష్టి" అనే పరికరం బెంగళూరు ఎన్ఏఎల్ తయారీ.

175 మీటర్లంటే 140 నాట్ల వేగానికి రెండున్నర సెకన్లు. అంతలో చూసి, తేల్చుకుని, చేత్తో సరిచెయ్యడం మనిషికి సాధ్యం కాదు. అందుకే ఇక్కడ రెండు ఆటోపైలట్లూ కలిసి దించుతాయి. పైలట్ల పని వేరే రూపంలో ఉంటుంది. ఎయిర్‌బస్‌లో 100 అడుగుల అలర్ట్ హైట్‌కి పైన సామర్థ్యం తగ్గితే గో అరౌండ్ (దిగకుండా మళ్ళీ పైకి పోవడం) లేదా తక్కువ మెట్టుకి మారడం, దాని కింద ఒక్క లోపానికి ఆగక్కర్లేదు, ఆటోల్యాండ్ ఎర్రదీపం వెలిగితే మాత్రం పైకి పోవాలి. చేతులు ఖాళీగా ఉన్నా గుండె వేగంగా కొట్టుకునే వేళ ఇది.

మబ్బు లేని రోజున ఆటోల్యాండ్ ప్రాక్టీస్ చెయ్యొచ్చా?

చెయ్యొచ్చు, కంట్రోలర్‌కి చెప్పి, కంట్రోల్స్ మీద చేతులుంచి. పొగమంచు లేనప్పుడు ఐఎల్ఎస్ యాంటెనాల చుట్టూ ఉన్న సెన్సిటివ్ ప్రాంతాన్ని ఖాళీగా ఉంచరు, ముందు వెళ్ళే విమానం లోకలైజర్ కిరణాన్ని వంచగలదు. 2011 నవంబర్ 3న మ్యూనిక్‌లో బోయింగ్ 777 ఒకటి ఆటోల్యాండ్‌లో ఇలాగే పక్కకి లాగి రన్‌వే దాటి గడ్డిలోకి వెళ్ళింది. అప్పుడే టేకాఫ్ అయిన విమానం కిరణానికి అడ్డొచ్చింది.

జీపీఎస్‌తో దిగే అప్రోచ్‌లో కొత్త ప్రమాదం ఏదైనా ఉందా?

ఉంది, పాత పరికరం వల్లే. ఆర్ఎన్‌పీ అనే జీపీఎస్ అప్రోచ్‌లో, గాలి ఒత్తిడితో లెక్కించే బారో వీనావ్ నిలువు దారి ఆల్టీమీటర్ మీద ఆధారపడుతుంది. క్యూఎన్‌హెచ్ (ఆల్టీమీటర్‌లో పెట్టే ఆ ఊరి గాలి ఒత్తిడి అంకె) 10 హెక్టోపాస్కల్ ఎక్కువ పెడితే విమానం దాదాపు 280 అడుగులు కిందగా, కానీ సూదులన్నీ నిక్కచ్చిగా మధ్యలో ఉండి దిగుతుంది. 2022 మే 23న పారిస్‌లో 1001 బదులు 1011 విన్న ఏ320, రన్‌వే ఇంకా రాకముందే నేలకి 6 అడుగుల ఎత్తుకి వచ్చి పైకి వెళ్ళిపోయింది. ఐఎల్ఎస్ వాలు నేలమీది యాంటెనా నుంచి వస్తుంది కాబట్టి ఈ తప్పు దాన్ని వంచలేదు. ఐఎల్ఎస్‌కి అలవాటైన చేతులకు ఈ తేడా మరపున పడుతుంది.

దీనికి మంచి మందు ఎల్‌పీవీ అనే ఉపగ్రహ అప్రోచ్. ఇస్రో, ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ కలిసి కట్టిన గగన్ వ్యవస్థ ఉపగ్రహం నుంచే నిలువు దారి ఇస్తుంది, ఆల్టీమీటర్‌తో పని లేదు. దాని మాస్టర్ కంట్రోల్ సెంటర్ మన బెంగళూరు కుందలహళ్ళిలోనే ఉంది. 2022 ఏప్రిల్ చివర్లో రాజస్థాన్‌లోని కిషన్‌గఢ్‌లో ఒక ఏటీఆర్ దీనితో దిగింది.

స్థిరంగా లేకపోతే మళ్ళీ పైకి పోవాలని అందరికీ తెలుసు. మరి ఎందుకు పోరు?

ముందు హద్దులు. మబ్బుల్లో 1,000 అడుగులకి, స్పష్టంగా ఉంటే 500 అడుగులకి: సరైన దారి, ల్యాండింగ్ ఫ్లాప్స్, చక్రాలు, వేగం రిఫరెన్స్‌కి (ఆ బరువుకి లెక్కకట్టిన ల్యాండింగ్ వేగం) తగ్గకుండా 20 నాట్లు మించకుండా, దిగే రేటు నిమిషానికి 1,000 అడుగులు దాటకుండా, ఇంజన్లు తగిన బలంలో, చెక్‌లిస్ట్ పూర్తిగా. చాలా కంపెనీలు వాతావరణంతో సంబంధం లేకుండా 1,000 అడుగులే పెట్టుకున్నాయి.

ఫ్లైట్ సేఫ్టీ ఫౌండేషన్ లెక్కలో అస్థిరంగా ఉన్న అప్రోచ్‌లలో సుమారు 97 శాతం ల్యాండింగ్ దాకా సాగిపోతున్నాయి. చాలాసార్లు ఏమీ కాదు, అందుకే అలవాటవుతుంది. రన్‌వే కనిపిస్తుంటే సర్దుకుంటుందిలే అనిపిస్తుంది. పనిభారం నిండిపోయినప్పుడు మనసు కొత్త పథకం వెయ్యలేదు, ఉన్నదాన్నే పట్టుకుని వేలాడుతుంది. 2010 మే 22న మంగళూరులో దిగుతున్న ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ విమానంలో ఫస్ట్ ఆఫీసర్ "గో అరౌండ్" అని మూడుసార్లు అన్నాడు. ప్రయాణంలో చాలాసేపు నిద్రపోయి లేచిన కెప్టెన్ ఆపలేదు. 158 మంది పోయారు. చిన్నవాడు చెబితే పెద్దవాడు వినడం మన సమాజంలో కష్టమైన విషయం, కాక్‌పిట్‌లో అది ప్రాణాల మీదికి వస్తుంది. అందుకే ఎవరు "గో అరౌండ్" అన్నా వాదన లేకుండా పైకి పోవాలన్నది నియమం.

గో అరౌండ్‌కి కూడా ఆటోమేషన్ ఉచ్చులు ఉన్నాయి. ఏ320లో థ్రస్ట్ లీవర్లు టోగా (పూర్తి బలం) గాడిలో పూర్తిగా పడాలి, పడకపోతే గో అరౌండ్ మోడ్ రాదు, విమానం అప్రోచ్ మోడ్‌లోనే ఉండి కిందికే పోవాలని చూస్తుంది. 2007 జులైలో మెల్‌బోర్న్ పొగమంచులో ఇలాగే జరిగింది. వరస: లీవర్లు టోగా, "గో అరౌండ్, ఫ్లాప్స్", ముక్కు 15 డిగ్రీల వైపు, ఫ్లాప్ ఒక మెట్టు పైకి, ఎఫ్ఎంఏ చదవడం, ఎక్కుతోందని ఖాయమయ్యాక చక్రాలు. ఖాళీగా ఉన్న విమానం రాకెట్‌లా లేస్తుంది, మిస్డ్ అప్రోచ్ ఎత్తు కొన్ని సెకన్లలో వచ్చేస్తుంది, కాబట్టి దాన్ని ముందే కిటికీలో పెట్టి ఉంచాలి.

పనిభారాన్ని ఎలా కొలుస్తారు? సిమ్యులేటర్‌లో మేం చేసే పరీక్షకి ఏది సరిపోతుంది?

అందరూ వాడేది నాసా టీఎల్ఎక్స్ అనే ప్రశ్నాపత్రం. మానసిక శ్రమ, శారీరక శ్రమ, సమయం ఒత్తిడి, పని ఫలితం, ప్రయత్నం, విసుగు అనే ఆరు కొలతలు, ఒక్కోదానికి 0 నుంచి 100. ఆరింటినీ రెండేసి చొప్పున 15 జతలుగా పోల్చి ఏది ఎక్కువ బరువో అడుగుతారు. చాలామంది ఆ 15 జతలు వదిలేసి సగటు తీస్తారు, మీరూ తీసుకోవచ్చు, కానీ రిపోర్ట్‌లో ఆ మాట రాయండి.

దీని లోపం తెలుసుకుని వాడాలి. ల్యాండింగ్ అయ్యాక అడుగుతారు కాబట్టి పైలట్‌కి చివరి నిమిషమే గుర్తుంటుంది, 10 మైళ్ళ దగ్గరి ఉక్కిరిబిక్కిరి సగటులో కలిసిపోతుంది. ఇంకా ముఖ్యంగా, కొత్త ఆటోమేషన్ పెట్టాక అంకె తగ్గిందని సంబరపడితే మోసపోతాం. ఊరికే చూస్తూ కూర్చున్నవాడు తక్కువ అంకె ఇస్తాడు, అతనే మోడ్ మారడాన్ని గమనించకపోవచ్చు. తక్కువ భారం కూడా ఒక ప్రమాదమే. కాబట్టి టీఎల్ఎక్స్ పక్కన ఇంకో రెండు పెట్టండి: 15, 8, 4 మైళ్ళలో ఎక్కడో సిమ్యులేటర్‌ని హఠాత్తుగా ఆపి, తెరలు కప్పి, "ఇప్పుడు థ్రస్ట్ మోడ్ ఏది, ఎత్తు కిటికీలో ఏముంది" అని అడగడం, మీరు దొంగచాటుగా మార్చిన మోడ్‌ని ఎన్ని సెకన్లలో పట్టుకున్నారో కొలవడం. కళ్ళ కదలిక కెమెరా ఉంటే ఎఫ్ఎంఏ మీద చూపు నిలిచిన సమయం లెక్కపెట్టండి.

ఒకే పైలట్ చేత పాత తెర, కొత్త తెర రెండూ చేయిస్తే వరస మార్చి మార్చి ఇవ్వండి, లేకపోతే రెండోది ఎప్పుడూ తేలికగానే తేలుతుంది. గాలి, బరువు, కంట్రోలర్ మాటలు అచ్చం ఒకటే ఉండాలి. చివర్లో రన్‌వే మార్చే సన్నివేశం ఒకటైనా పెట్టండి. అంతా సాఫీగా సాగే అప్రోచ్‌లో ఏ డిజైన్ అయినా బాగానే కనిపిస్తుంది.

మా అబ్బాయి లైసెన్స్ వచ్చి టైప్ రేటింగ్‌కి (ఒక విమాన రకం నడిపే శిక్షణ) వెళ్తున్నాడు. చేత్తో నడపడం నేర్చుకోమనాలా, ఆటోమేషనా?

రెండూ. 2013 జనవరిలో అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్ఏఏ, వీలైన చోట చేత్తో నడపడాన్ని ప్రోత్సహించమని కంపెనీలకి సూచించింది. చేతి అలవాటు తప్పితే యంత్రం తప్పుకున్న నిమిషాన భారం ఒక్కసారిగా రెట్టింపవుతుంది. అయితే రోజు చూసుకోవాలి: రద్దీ లేని వేళ, మంచి వాతావరణం, నిద్ర చాలిన శరీరం, కెప్టెన్ అనుమతి, కంపెనీ నియమం. రాత్రి 2 నుంచి 6 దాకా శరీరం నిద్ర కోరే వేళ ప్రయోగాలు వద్దు.

ఇంట్లో చెయ్యగలిగిందీ ఉంది. కాక్‌పిట్ పోస్టర్ గోడకి అంటించుకుని, కుర్చీలో కూర్చుని, 15 మైళ్ళ నుంచి గో అరౌండ్ దాకా ప్రతి మీట మీద చెయ్యి పెట్టి, ప్రతి ఎఫ్ఎంఏ మార్పుని గట్టిగా చదవమనండి. మొదటి సిమ్యులేటర్ రోజుల్లో వెనకబడే పిల్లలకి చాలావరకు లోపం చేతిలో ఉండదు, వరస నోటికి రాకపోవడంలో ఉంటుంది.

విమానాశ్రయం దగ్గర 5జీ టవర్లు రేడియో ఆల్టీమీటర్‌ని చెడగొడతాయా?

రేడియో ఆల్టీమీటర్ 4.2 నుంచి 4.4 గిగాహెర్ట్జ్ మధ్య పనిచేస్తుంది, మన 5జీ మధ్యస్థ బ్యాండ్ 3.3 నుంచి 3.67 దాకా. మధ్యలో ఖాళీ ఉంది, కానీ పాత ఆల్టీమీటర్ల ఫిల్టర్లు అంత పదునైనవి కావు. అందుకే 2022 నవంబర్‌లో టెలికాం శాఖ రన్‌వే చివర్ల నుంచి 2,100 మీటర్లు, మధ్యగీత నుంచి 910 మీటర్ల లోపు ఆ బ్యాండ్ టవర్లు పెట్టవద్దని ఆదేశించింది. అప్రోచ్‌లో రేడియో ఎత్తు అంకె ఎగిరెగిరి పడినా, ఎత్తు పిలుపులు వేళకాని వేళ వినిపించినా ఆటోథ్రస్ట్ మీద నమ్మకం పెట్టుకోకుండా వేగం, థ్రస్ట్ చేత్తో చూసుకోవాలి, దిగాక టెక్ లాగ్‌లో (విమానం లోపాలు రాసే పుస్తకం) చోటు, ఎత్తు, సమయంతో సహా రాయాలి.